నాయన చిట్టా చూసినాక నాకూ రాయాలని ఉంది. రాస్తే ఏమన్నా మేలుందా?

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. నాకు నలభై మూడేండ్లు, పదో తరగతి దాకా చదివినాను. మా ఇంటాయన బట్టల అంగడి చూసుకుంటాడు. ఇంట్లో అత్త, ఇద్దరు పిల్లలు. మా నాయన పోయి ఎనిమిది నెలలైంది. పల్లెలో ఆయన ట్రంకుపెట్టె తెరిస్తే పదకొండు చిన్న నోటుబుక్కులు కనిపించినాయి. "జూన్ 24. రాత్రి పదును వాన. తూర్పుచేను విత్తినాము. కూలోళ్లు 6." అన్నీ ఇట్లాంటివే. అవి చూసినప్పటినుంచి నాకూ రాయాలని ఉంది. ఇంతకుముందు మూడుసార్లు జనవరి ఒకటో తేదీన డైరీ మొదలుపెట్టినాను, సంక్రాంతి రాకముందే నిలిచిపోయింది. నాయన ఆసుపత్రిలో ఉన్న చివరి వారం నేను పోలేకపోయినాను. ఎందుకు పోలేదో ఎవరికీ చెప్పలేదు. రాత్రిళ్లు అదే తిరుగుతా ఉంటుంది. రాస్తే తగ్గుతుందా, ఇంకా ఎక్కువవుతుందా? ఇంట్లో ఎవరన్నా చదివితే ఎట్లా? నాకు అక్షరదోషాలు కూడా ఎక్కువే. నాయన ఆఖరి బుక్కులో సగం ఖాళీగా ఉంది. అందులో నేను రాయొచ్చా?

సమాధానం: అమ్మా, మీ ఉత్తరంలో రెండు వేరువేరు పనులు కలగలిసి ఉన్నాయి. ఒకటి, మీ నాయన చేసినట్టు రోజుకు రెండు మూడు ముక్కలు రాసిపెట్టుకోవడం. రెండోది, లోపల అడ్డంపడి ఉన్న మాటను కాగితం మీదికి తేవడం. రెండింటివల్లా మేలుంది. అయితే రెండింటికీ పుస్తకం వేరు, వేళ వేరు, కొలత వేరు. డైరీ రాసి ఏమీ ఒరగలేదనేవాళ్లలో చాలామంది ఈ రెండింటినీ ఒకే పుస్తకంలో, ఒకే రాత్రిపూట కలిపి రాసినవాళ్లే.

బరువైనది ముందు చూద్దాం. మీకు నిద్ర పట్టనివ్వనిది అదే కదా.

1986లో అమెరికాలో జేమ్స్ పెనెబేకర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, శాండ్రా బీల్ అనే ఆమెతో కలిసి కాలేజీ విద్యార్థుల చేత ఒక పని చేయించారు. వరసగా నాలుగు రోజులు, రోజుకు పదిహేను నిమిషాలు, జీవితంలో తమను బాగా కుదిపేసిన సంగతి గురించి రాయమన్నారు. కొందరు జరిగింది మాత్రమే రాశారు. కొందరు బాధ మాత్రమే రాశారు. కొందరు జరిగినదీ, దాని గురించి తమకు ఏమనిపించిందో అదీ కలిపి రాశారు. ఇంకొందరికి మామూలు విషయాలిచ్చి రాయమన్నారు. తరువాతి ఆరు నెలల్లో జబ్బు చేసి కాలేజీ ఆరోగ్య కేంద్రానికి వెళ్లడం తగ్గింది కలిపి రాసినవాళ్లలో. ఉత్త ఏడుపు రాసినవాళ్లకూ ఆ మేలు అందలేదు, ఉత్త వివరం రాసినవాళ్లకూ అందలేదు. ఈ ముక్క బాగా గుర్తుపెట్టుకోండి. మీరు రాయబోయే నాలుగు రోజులూ దీనిమీదే ఆధారపడి ఉంటాయి.

ఆ తరువాత ఈ పద్ధతిని ఎన్నో చోట్ల పరీక్షించారు. 1999లో ఉబ్బసం, కీళ్లవాతం ఉన్నవాళ్ల చేత మూడు రోజులు ఇరవై నిమిషాల చొప్పున రాయిస్తే, నాలుగు నెలల తరువాత దాదాపు సగంమందిలో జబ్బు లక్షణాలు తగ్గాయి. 2006లో అలాంటి పరీక్షలు 146 కలిపి లెక్క తీస్తే మేలు ఉన్నమాట నిజమేనని, కానీ అది చిన్నదేనని తేలింది. కాబట్టి ఇది మంత్రం కాదు. ఇంకో నిజం కూడా మీకు చెప్పాలి. ఆప్తులు పోయిన దుఃఖం వరకే తీసుకుంటే, రాయడంవల్ల అది తొందరగా తగ్గినట్టు పరీక్షల్లో గట్టిగా కనిపించలేదు. మామూలు దుఃఖం దాని కాలం అది తీసుకుంటుంది, రాసినా రాయకపోయినా. రాత పనిచేసేది ఎక్కువగా ఎవరికీ చెప్పకుండా దాచుకున్న మాట మీద. అందుకే "నాయన లేడు" అన్నదాని గురించి నాలుగు రోజులు రాయమని నేను చెప్పను. "ఆ వారం నేనెందుకు పోలేదు" అన్నదాని గురించి రాయండి.

పోయి ఎనిమిది నెలలైంది కాబట్టి ఇప్పుడు మొదలుపెట్టొచ్చు. కర్మాంతరాలైన మరునాడే కూర్చుని ఉంటే వద్దనేవాణ్ని. మొదటి నెల రోజుల్లో మనిషికి కావలసింది పక్కన మనుషులు, వేళకు తిండి. కాగితం తరువాతి మాట.

వేళ మధ్యాహ్నం పెట్టుకోండి. మీ ఇంటాయన అన్నానికి వచ్చి తిరిగి అంగడికి పోయాక, అత్త కునుకు తీసే సమయం. రాత్రి మాత్రం వద్దు. కదిపిన బురద అడుక్కు దిగడానికి రెండు మూడు గంటలు పడుతుంది, పడుకోబోయే ముందు కదిపితే ఆ నిద్ర కాస్తా పోతుంది. విడి తెల్లకాగితాలు తీసుకోండి, పుస్తకం వద్దు. ఫోనులో పదిహేను నిమిషాలకు అలారం పెట్టండి. మోగేదాకా చెయ్యి ఆపకూడదు. కొట్టివేతలు వద్దు, వెనక్కి పోయి చదవడం వద్దు. ఏమీ తోచకపోతే ఆఖరి వాక్యాన్నే మళ్లీ రాయండి, ఇంకో వాక్యం దానంతట అదే వస్తుంది. అలారం మోగాక ఇంకో పది నిమిషాలు ఖాళీ ఉంచుకోండి. ముఖం కడుక్కుని, మిద్దె మీద ఆరేసిన బట్టలు తీసుకురండి. చేతులకు పని తగిలితే మనసు మామూలు ఇంట్లోకి తిరిగొస్తుంది.

మొదటి రోజు జరిగింది జరిగినట్టు. ఫోను ఎవరు చేశారు, అప్పుడు మీరు ఏ పనిలో ఉన్నారు, ఏమని జవాబిచ్చారు, బస్టాండు దాకా పోయి తిరిగొచ్చారా, గడపే దాటలేదా. ఒక్కొక్క సంగతి పక్కనే అప్పుడు లోపల ఏమైందో రాయండి. రెండో రోజు మళ్లీ అదే సంగతి, కానీ మొదటి రోజు పక్కకు జరిపేసిన ముక్క నుంచి. ప్రతి ఒక్కరికీ అట్లాంటిది ఒకటి ఉంటుంది, రాసేటప్పుడు చెయ్యి దాన్ని తప్పించి పోతుంది. మూడో రోజు "నేను" అన్న మాట తీసేసి "ఆమె" అని రాయండి. "ఆమెకు సోమవారం ఫోను వచ్చింది. ఆమె పొయ్యి దగ్గర ఉంది." మీ అమ్మ కళ్లతోనో, మంచం మీదున్న మీ నాయన కళ్లతోనో చూస్తూ రాసినా సరే. వేరే మనిషి సంగతిలా రాసేసరికి, మన మీద మనం వేసుకునే తిట్లు కొంచెం తగ్గి, ఆ పూట ఇంట్లో ఇంకేమేం జరుగుతున్నాయో కనిపించడం మొదలవుతుంది. నాలుగో రోజు "ఎందుకంటే", "అప్పుడు నాకు తెలియనిది", "ఇప్పుడు చూస్తే" అన్న మాటలతో మొదలయ్యే వాక్యాలు రాయండి. తరువాతి రోజుల్లో పెనెబేకర్, అట్లా రాసినవాళ్ల కాగితాల్లో మాటలను లెక్కపెట్టించారు. మొదటి రోజు నుంచి ఆఖరి రోజుకు వచ్చేసరికి కారణం చెప్పే మాటలు, అర్థమైంది అని చెప్పే మాటలు పెరుగుతూ వచ్చినవాళ్లే ఎక్కువగా బాగుపడ్డారు. అంటే మొదటిరోజే అంతా తెలిసి రాసినవాళ్లకంటే, రాస్తూ రాస్తూ తెలుసుకున్నవాళ్లకు లాభం.

ఇందులో తప్పేదెక్కడో కూడా చెబుతాను. మొదటి రెండు రోజులు రాసి లేచాక గంటా రెండు గంటలు మనసు ఇంకా బరువుగా ఉంటుంది. అది మామూలే, ఏడుపు సినిమా చూసి బయటికొచ్చినట్టు. దానికి భయపడి ఆపేసేవాళ్లు చాలామంది. మరో రకం, నాలుగో రోజు కాగితం మొదటిరోజు కాగితంలాగే ఉండేవాళ్లు. అవే వాక్యాలు, అవే పేర్లు, అవే తిట్లు. అట్లా అయితే అది రాయడం కాదు, గానుగెద్దు తిరిగినట్టు తిరగడం. ఐదో రోజు కూర్చోవద్దు. నెల రోజులు వదిలేసి, కావాలంటే ఇంకో సంగతి మీద మళ్లీ నాలుగు రోజులు రాయండి. ఈ బరువు రాతను రోజూ చేసే అలవాటు చేసుకోవద్దనేది నా గట్టి మాట. నాలుగు రోజుల మందును నాలుగేళ్లు మింగితే అదే జబ్బవుతుంది. ఇక రాస్తూ ఉండగా ఊపిరాడనట్టు, తట్టుకోలేనట్టు అనిపిస్తే పెన్ను అక్కడికక్కడే కింద పెట్టేయండి. ఆ సంగతికి ఇంకా వేళ కాలేదన్నమాట. నిద్ర, తిండి వారాలకు వారాలు సరిగా లేకపోయినా, బతికి ఏం లాభం అన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా కాగితాన్ని నమ్ముకోకండి. మనసు బాగలేనివాళ్ల కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416కు ఫోను చేయండి, డబ్బు పడదు, రాత్రిపూట కూడా పలుకుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు. కడప ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది.

నాలుగు రోజుల కాగితాలు దాచుకోనక్కరలేదు. రాసినందుకే మేలు, ఉంచినందుకు కాదు. వంటింట్లో కాల్చే పని పెట్టుకోకండి, ఆ వాసనకు ఇల్లంతా వచ్చి "ఏందది" అని అడుగుతుంది. చిన్నచిన్న ముక్కలుగా చించి, బకెట్టు నీళ్లలో ఓ గంట నానబెట్టి, గట్టిగా పిసికేయండి. ముద్దయిపోతుంది, అక్షరం మిగలదు. ఆ ముద్దను చెత్తలో కలిపేస్తే సరి. ఎవరన్నా చదువుతారేమో అన్న మీ భయానికి సగం జవాబు ఇదే. చదవడానికి అక్కడ ఏమీ ఉండదు. ఇదొక్కటి ముందే తెలిసి ఉంటే రాసేటప్పుడు మాట దాచుకోవలసిన అవసరం కూడా ఉండదు.

రాత్రిపూట రాయాలనిపిస్తే దానికి వేరే సంగతి ఉంది. 2018లో అమెరికాలోని బేలర్ విశ్వవిద్యాలయంవాళ్లు 57 మందిని నిద్ర పరీక్షించే గదిలో పడుకోబెట్టి చూశారు. పడుకునే ముందు ఐదు నిమిషాలు, సగంమంది రేపు చేయాల్సిన పనులు రాశారు, సగంమంది చేసేసిన పనులు రాశారు. రేపటి పనులు రాసినవాళ్లకు సగటున తొమ్మిది నిమిషాలు ముందు నిద్ర పట్టింది. ఎంత వివరంగా రాస్తే అంత తొందరగా పట్టింది కూడా. "రేపు బ్యాంకు పని" అని రాస్తే లాభం లేదు. "పదకొండుకు బ్యాంకు. పాసుబుక్కు, ఆధార్ జిరాక్స్ రెండు. వచ్చేటప్పుడు మినప్పప్పు" అని రాస్తేనే మనసు దాన్ని వదిలేస్తుంది. పాత కవరు వెనకాల రాసినా చాలు, పొద్దున చించేయొచ్చు.

ఇప్పుడు మీకు అసలు ముచ్చటగా ఉన్న పని, రోజువారీ పుస్తకం.

మూడు డైరీలు ఎందుకు నిలిచిపోయాయో మీరు రాయలేదు కానీ ఊహించొచ్చు. ఎరువుల కంపెనీవాళ్లో, ఇన్సూరెన్సు ఏజెంటో ఇచ్చిన తేదీల డైరీ అయ్యుంటుంది. రోజుకు ఒక పేజీ. నాలుగు లైన్లు రాస్తే మిగతా పేజీ అంతా బోసిగా కనిపిస్తుంది, అందుకని లేని బాధ, లేని సంతోషం తెచ్చి నింపాల్సి వస్తుంది. ఒకరోజు తప్పితే ఆ ఖాళీ పేజీ అట్లాగే ఉండి నిలదీస్తుంది. మూడు ఖాళీలు పడ్డాక తెరవబుద్ధి కాదు. మీ నాయన పదకొండు బుక్కులు నింపగలిగింది ఆయనకు ఓపిక ఎక్కువై కాదు, ఆయన బుక్కులో తేదీ అచ్చయి లేదు, లైన్ల లెక్క లేదు. వాన పడని రోజు రాయాల్సిన పనే లేదు.

మీరూ అట్లాగే వంద పేజీల రూళ్ల నోటుబుక్కు తీసుకోండి, పిల్లలు బడికి కొనేదే. తేదీ, వారం మీరే వేయండి. మూడు లైన్లు రాయండి, ఒక లైను వదిలేయండి. పేజీకి ఆరు రోజులు పడతాయి, ఒక పుస్తకం ఏడాదిన్నర పైనే వస్తుంది. తప్పిన రోజులను వెనక్కి పోయి పూరించొద్దు. పన్నెండో తేదీ తరువాత పంతొమ్మిదో తేదీ రాసి ముందుకు పోండి, అంతే. రాయడానికి గంట చూసుకోకండి, రోజూ ఎట్లాగూ చేసే ఒక పనికి కట్టేయండి. రాత్రి పాలు తోడు పెట్టినాక అనుకుందాం. గిన్నె మీద మూత పెట్టడం, పుస్తకం తెరవడం. రెండు వారాలు గడిస్తే మూత చప్పుడుకే పుస్తకం గుర్తొస్తుంది. పెన్ను, పుస్తకం రెండూ ఆ చోటే ఉండాలి. పెన్ను వెతుక్కోవాల్సి వచ్చిన రాత్రి ఎవరూ రాయరు.

ఏం రాయాలి అంటారా? చూసింది, విన్నది, లెక్క. ఆ రోజు కంటికి ఆనిన ఒక సంగతి, చెవిన పడిన ఒక మాట అట్లాగే, ఒక అంకె. అంకె అంటే పాల లెక్క కావొచ్చు, చేబదులు ఇచ్చిన డబ్బు కావొచ్చు, బీపీ ఎంతుందో కావొచ్చు. "బాధ", "సంతోషం", "విసుగు" అన్న మాటలు మొదటి నెల వాడొద్దు. ఎందుకో చూపిస్తాను. ఒకే రోజును రెండు రకాలుగా రాద్దాం.

ఒకటి: "ఈరోజు మనసు ఏమీ బాలేదు. నాయన పదేపదే గుర్తొచ్చాడు. నా బాధ ఈ ఇంట్లో ఎవరికీ అర్థం కాదు."

రెండోది: "చెనిక్కాయ విత్తనాలు వేయిస్తా నాయన గుర్తొచ్చి నిలబడిపోయినాను. మాడిపోయినాయి. అత్త వచ్చి చూసి ఏమీ అనలేదు. ఇంకో గిద్దెడు పోసి తానే వేయించి, పచ్చడి కూడా తానే నూరింది."

మొదటిది ఆరు నెలల తరువాత చదివితే ఏ రోజుదో కూడా తెలియదు, మనసు బాగలేని రోజులన్నీ అట్లాగే ఉంటాయి. రెండోది చదివితే ఆ మాడు వాసన కూడా వస్తుంది. అంతకన్నా ముఖ్యం, "ఎవరికీ అర్థం కాదు" అన్న మాట అబద్ధమని రెండో రాతలో దానంతట అదే బయటపడింది. అత్త ఏమీ అనకుండా పొయ్యి దగ్గర నిలబడింది కదా. మొదటి రకంగా రాసుంటే ఆ సంగతి కాగితం మీదికే రాదు, పది రోజుల్లో మీ బుర్రలోంచి కూడా పోతుంది. మనసు తన మాటకు సాక్ష్యం పలికేవే దగ్గర పెట్టుకుని మిగతావి పారేస్తుంది. చిన్న చిన్న వివరాలు రాసిపెట్టడంలో ఉన్న పెద్ద లాభం, రేపు మీతో మీరే వాదనకు దిగినప్పుడు రెండో పక్షం సాక్ష్యం కూడా పుస్తకంలో ఉండటం.

పుస్తకం ఒళ్లు గురించి కూడా చెబుతుంది. నలభై దాటినాక నెలసరి తేదీలు తప్పకుండా రాసుకోండి. తలనొప్పి వచ్చే మనిషైతే తేదీ పక్కన మూడు ముక్కలు: రాత్రి ఎన్ని గంటలు పడుకున్నారు, ఆ పూట ఎప్పుడు తిన్నారు, ఒక్కపొద్దు ఏమన్నా ఉన్నారా. ఆరు వారాలు గడిచాక వరసగా చూడండి. శనివారం ఒక్కపొద్దు తరువాతే తలనొప్పి వస్తోందని నాలుగైదు సార్లు కనిపిస్తే అది పట్టించుకోవాల్సిన సంగతి. రెండుసార్లు కనిపించినంతమాత్రాన కాదు, రెండుసార్లు ఏదైనా కలుస్తుంది. డాక్టరు "ఎప్పటినుంచమ్మా" అని అడిగితే "చాన్నాళ్ల నుంచి" అనే బదులు పుస్తకం తెరిచి తేదీలు చెప్పినవాళ్లకు వైద్యం కూడా మెరుగ్గా జరుగుతుంది.

పుస్తకాన్ని వారంవారం వెనక్కి తిప్పి చదవకండి. నెలకొకసారి, ఓ పది నిమిషాలు చాలు. చదివేటప్పుడు అక్షరదోషాలు దిద్దొద్దు.

అక్షరదోషాల సంగతి ఎత్తారు కాబట్టి: ఒత్తు పోయినా, "శ"కు "ష" పడినా రాతవల్ల వచ్చే మేలు పైసా తగ్గదు. అయితే తప్పుల భయం ఇంకో చెడ్డపని చేస్తుంది. తప్పు లేకుండా రాయాలని మనిషి పత్రికల భాషలోకి పోతాడు. "తీవ్ర మనోవేదనకు గురయ్యాను" అని రాస్తాడు. ఆ వాక్యంలో ఒక్క తప్పు లేదు, ఒక్క నిజమూ లేదు. "కడుపులో చెయ్యి పెట్టి దేవినట్టయింది" అని మీరు మీ చెల్లెలితో ఎట్లా అంటారో అట్లాగే రాయండి. మీ ఉత్తరంలో "పోలేకపోయినాను", "తిరుగుతా ఉంటుంది" అని రాశారు చూడండి, ఆ భాషే కావాలి. దాన్ని మార్చుకోవద్దు.

చదువుతారేమో అన్న భయంలో మిగతా సగం ఈ రోజువారీ పుస్తకం గురించి. తాళం వేసిన డైరీ కొనకండి. తాళం కనిపిస్తే పిల్లలకు తాళంచెవి వెతకాలనిపిస్తుంది. బీరువాలో చీరల మడతల కింద దాచినా అంతే. మొదటి నాలుగు పేజీలు పాలవాడి లెక్క, గ్యాసు సిలిండరు తేదీలు రాసి, పుస్తకాన్ని వంటింటి అరలో బహిరంగంగా పెట్టేయండి. నిజమైన లెక్కలే రాయండి, పనికొస్తాయి కూడా. పాల లెక్క ఉన్న పుస్తకాన్ని ఐదో పేజీ దాకా తిప్పే ఓపిక ఏ ఇంట్లోనూ ఎవరికీ ఉండదు. అయినా ఒక నియమం పెట్టుకోండి: అత్త చదివినా ఆయన చదివినా మీరు ఆ వాక్యం పక్కన నిలబడగలిగినవే ఈ పుస్తకంలో ఉండాలి. నిలబడలేనిది విడి కాగితం మీదికి, అక్కడినుంచి బకెట్టులోకి.

ఫోనులో రాయడం సులువే. తెలుగులో మాట్లాడితే టైపయ్యే సౌకర్యం కూడా ఉంది, వంట చేస్తూ చెప్పొచ్చు. కానీ ఇంట్లో ఫోను ఒకరి చేతిలో ఉండదు. పిల్లలు ఆటలకు తీసుకుంటారు, పైన కనిపించేది వాళ్లు చదువుతారు. కాగితం రాసి దాన్ని ఫొటో తీసి ఉంచుకుందామనుకుంటే ఆ ఫొటో అదే అకౌంటుతో ఉన్న ఇంకో ఫోనులోనూ ప్రత్యక్షమవుతుంది. మీలాంటి ఇంటికి కాగితమే క్షేమం.

పెన్ను విషయం: మామూలు బాల్‌పెన్ను. దాని సిరా నూనె కలిసినది, నీటిచుక్క పడితే అలుక్కుపోదు. ఇంకు పెన్ను రాతలు, కొన్ని జెల్ పెన్ను రాతలు ఒక్క తడిచేతికే పోతాయి. అంగడి బిల్లులు, ఏటీఎం చీటీలు పుస్తకంలో అంటించొద్దు. ఆ కాగితం వేడికి అక్షరం తేలే రకం, మన ఎండలకు ఏడాది తిరక్కుండానే తెల్లగా అయిపోతుంది. అంకె చేత్తో ఎత్తి రాసుకోండి. నిండిన పుస్తకాలను మీ నాయనవి కూడా కలిపి పై అరలోనే పెట్టండి. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు మునిగినప్పుడు, 2021 నవంబరులో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినప్పుడు ఇళ్లలో కాగితమనేది దక్కనివాళ్లు ఎంతమందో. రేకుల కప్పు కింది ట్రంకుపెట్టె కూడా మంచి చోటు కాదు, వేసవి వేడికి కాగితం పెళుసై మడత దగ్గర విరుగుతుంది.

మీ నాయన పదకొండు బుక్కులను ముందు ఫొటోలు తీయించండి, ఇది ఆలస్యం చేయొద్దు. పగటి వెలుతురులో, కిటికీ పక్కన, ఫ్లాష్ లేకుండా, పేజీకి ఒక ఫొటో. మీ అన్నదమ్ములకూ పంపండి. తరువాత ఒక బుక్కు పట్టుకుని మీ అమ్మ దగ్గరో, ఊళ్లో పెద్దవాళ్ల దగ్గరో కూర్చుని అడగండి. "తూర్పుచేను ఇప్పుడు ఎవరి దగ్గర ఉంది?", "ఆ ఆరుగురు కూలోళ్లు ఎవరు?" వాళ్లు చెప్పింది మీ పుస్తకంలో రాసుకోండి, ఎవరు చెప్పారో, ఏ తేదీన చెప్పారో కూడా. ఈ పని మొదలుపెట్టినవాళ్లు తమ కథ కూడా రాయడంలోకి దిగుతారు, మీరూ దిగొచ్చు. అప్పుడు "నేను ఫలానా సంవత్సరంలో పుట్టాను" అని మొదలుపెట్టకండి, మూడో పేజీకే ఆగిపోతుంది. పుట్టింటి పటం గీయండి. పడసాల, వంటిల్లు, గాదె, గాడిపాడు, బావి, వాకిట్లో చెట్టు. వంకర గీతలైనా పరవాలేదు. ఒక్కో చోట వేలు పెట్టి అక్కడ జరిగిన ఒక్క సంగతి రాయండి. గాదె దగ్గరే పది సంగతులు తేలతాయి.

ఎవరికి చెబుతున్నామో తెలియక రాత బిగుసుకుపోతే ఒక మనిషిని ఎదురుగా పెట్టుకోండి. 1830 మే 18న మద్రాసులో బయలుదేరి మీ కడప మీదుగా కాశీ పోయి 1831 సెప్టెంబరు 3న తిరిగొచ్చిన ఏనుగుల వీరాస్వామయ్య, దారిపొడవునా రాసుకున్నదాన్ని కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ల అనే స్నేహితుడికి ఉత్తరాలుగా పంపుతూ పోయారు. ఏ మజిలీలో నీళ్లు ఎట్లా ఉన్నాయి, ఏ వస్తువు దొరుకుతుంది, ఏది దొరకదు, ఇవే అందులో చాలా భాగం. వినే మనిషి ఎదురుగా ఉన్నాడు కాబట్టే అంత వివరం వచ్చింది. మీరు మీ కూతురికి చెబుతున్నట్టు రాయొచ్చు.

ఇక మీ ఆఖరి ప్రశ్న. నాయన బుక్కులోని ఖాళీ పేజీల్లో రాయకండి. ఆయన చేతిరాత ఎక్కడ ఆగిందో అక్కడే ఆగినట్టు కనిపించాలి. రేపు మీ పిల్లలు తెరిచినప్పుడు ఏది ఎవరిదో తికమక పడకూడదు. మీ కొత్త నోటుబుక్కు అట్ట లోపలి పక్కన, ఆయన రాసిన ఆఖరి తేదీ, దాని కింద ఆయన రాసిన ఆఖరి వాక్యం, ఉన్నది ఉన్నట్టు, తప్పులతో సహా మీ చేత్తో ఎత్తి రాయండి. ఎదురు పేజీలో పాలవాడి లెక్క మొదలుపెట్టండి.